గరిటె అన్నయ్యకూ ఇవ్వండి

ఎలీషా ప్రవక్త గిల్గాలులో ఉన్న రోజుల్లో దేశమంతా కరువు. ప్రవక్త దగ్గర ఉంటున్న శిష్యులకు ఆ పూట భోజనం సిద్ధం చేయాలి. పెద్ద కుండ పొయ్యి మీద పెట్టమని గురువు చెప్పాడు. ఒక శిష్యుడు కూరాకులు ఏరుకొస్తానని పొలంలోకి వెళ్ళాడు. అక్కడ ఒక అడవి తీగ కనిపించింది, దాని నిండా కాయలు. ఒడి నిండా కోసుకొచ్చి, ముక్కలు తరిగి కుండలో వేసేశాడు. అవేం కాయలో అతనికి తెలియదు. పక్కనున్న వాళ్ళకూ తెలియదు. తీరా వడ్డించాక, నోట్లో పెట్టుకున్న వాళ్ళంతా కుండలో చావు ఉందని కేకలు పెట్టారు. ఎలీషా కాస్త పిండి తెప్పించి అందులో వేశాడు. విషం విరిగిపోయింది, అందరూ తిన్నారు. రాజుల రెండవ గ్రంథం 4వ అధ్యాయంలో ఉన్న సంగతి ఇది.

ఈ భాగం మీద చాలా ప్రసంగాలు విన్నాం. నేనూ చేశాను. అన్నీ ఆ పిండి గురించే, ఆ అద్భుతం గురించే! ఆ కుర్రాడి గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. ఇల్లు వదిలి, గురువు దగ్గర చేరి, దేవుని మాటలు నేర్చుకుంటున్న యువకుడు. ఏ కాయ తినొచ్చో, ఏది తినకూడదో మాత్రం అతనికి ఇంటి దగ్గర ఎవరూ చూపించినట్టు లేదు. వాళ్ళమ్మ అతన్ని వంటింటి గడప దాటి లోపలికి రానివ్వలేదేమో అని నాకనిపిస్తుంది. పొయ్యి దగ్గరకు పిలిస్తే కొడుకు తక్కువైపోతాడని అనుకున్న తల్లి ఆ కాలంలోనూ ఉండే ఉంటుంది.

ఏటా జూన్ వచ్చిందంటే కోనసీమలో ప్రతి పేటలోనూ పెట్టెలు సర్దడమే. పదో తరగతో, ఇంటరో పాసైన పిల్లలు రాజమండ్రికి, విజయవాడకి, హైదరాబాదుకి బయలుదేరతారు. అమ్మలు రెండు సీసాల ఆవకాయ, డబ్బా నిండా సున్నుండలు, బంధువుల మెప్పు కోసం ఆత్రేయపురం పూతరేకులు కూడా పెడతారు. చర్చిలో ప్రార్థన చేయించి, బైబిలు చేతిలో పెట్టి పంపుతారు. అంతా బాగానే ఉంటుంది. కానీ ఆ అబ్బాయికి అన్నం వండడం వచ్చా అని ఎవరైనా అడిగారంటే అందరూ నవ్వుతారు. "హాస్టలు మెస్ ఉంది కదండీ, లేకపోతే కర్రీ పాయింట్లున్నాయి" అంటారు. నిజమే, ఉన్నాయి. జ్వరమొచ్చిన రోజున కర్రీ పాయింటు వాడు గంజి కాచి ఇవ్వడు, అంతే.

మా అమ్మ ఈ విషయంలో ఊళ్ళో వాళ్ళ మాట వినలేదు. 1983లో నేను రాజోలు దగ్గరి మా ఊరు విడిచి కాకినాడ చదువుకు వెళ్ళాల్సి వచ్చింది. హాస్టల్లో సీటు దొరకలేదు. ముగ్గురం కలిసి ఒక గది తీసుకోవాలి. వెళ్ళడానికి రెండు వారాల ముందు అమ్మ నన్ను పిలిచి పొయ్యి ముందు కూర్చోబెట్టింది. మొదటి పాఠం మంట గురించి. కొబ్బరి మట్ట భగ్గున మండి చల్లారిపోతుంది, ఎసరు త్వరగా కాగాలంటే అది. కొబ్బరి డొక్క నిదానంగా రాజుకుని గంటల తరబడి కనకనలాడుతుంది, పప్పు ఉడకడానికి అది. రెండో పాఠం అన్నం. బియ్యం మీద నీళ్ళు వేలి కణుపు లోతు ఉంటే అత్తెసరు, అంతకు మించితే గంజి వార్చుకోవాలి. సిబ్బి పెట్టి గిన్నె వంచేటప్పుడు ఆవిరి ముఖానికి కొట్టకుండా ఎటు నిలబడాలో కూడా చెప్పింది. మొదటి రోజు సగం అన్నం గంజితో పాటు గాబులో పడింది. అమ్మ ఏమీ అనలేదు. గేదెకు మాత్రం ఆ రోజు పండగ.

చేపల పులుసు నేర్చుకోవడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. ముక్కల్ని ఉప్పు వేసి జిగురు పోయేదాకా తోమాలి. పులుసు మరిగాక ముక్కలు వేస్తే, ఇక గరిటె పెట్టకూడదు. దాకను రెండు అంచులూ పట్టుకుని మెల్లగా తిప్పాలి. గరిటె పెడితే ముక్క చితుకుతుంది. నాకు చెయ్యి కాలి, గుడ్డతో పట్టుకోవడం తెలియక దాక జారవిడిచిన రోజున పక్కింటి ఆవిడ వచ్చి, "మగపిల్లాడి చేత ఈ పనులేంటే, ఆడంగిలా తయారవుతాడు" అంది. అమ్మ తల ఎత్తకుండానే, "ఆకలి మగాళ్ళకీ వేస్తుంది కదొదినా" అంది. ఆ ఒక్క మాట తప్ప ఆమె ఈ విషయం మీద ఎప్పుడూ ఉపన్యాసం ఇవ్వలేదు.

ఇదంతా నా సొంత గొప్ప కోసం చెప్పడం లేదు. ఇంత నేర్చుకున్నవాణ్ణి కూడా, సేవకుడినయ్యాక ఒక పెద్ద తప్పు చేశాను. అది చెప్పాలంటే ముందు మన ప్రాంతం సంగతి ఒకటి చెప్పుకోవాలి.

ఇతర చోట్ల పిల్లలు ఇల్లు వదిలి వెళతారు. కోనసీమలో చాలా ఇళ్ళలో అమ్మలే ఇల్లు వదిలి వెళతారు. రాజోలు, మలికిపురం, మామిడికుదురు, అమలాపురం, కొత్తపేట... ఈ ప్రాంతంలో ఏ పేటకు వెళ్ళినా కువైట్‌లోనో, మస్కట్‌లోనో, దుబాయ్‌లోనో ఇంటిపని చేస్తున్న తల్లి ఉన్న గడప కనిపిస్తుంది. అక్కడ ఆమెను ఖద్దామా అంటారు. ఆ అరబ్బీ మాట మన ఊళ్ళలో ముసలమ్మలకు కూడా అర్థమవుతుంది. 1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌లోకి చొరబడినప్పుడు మన ప్రభుత్వం 1,70,000 మందికి పైగా భారతీయులను విమానాల్లో వెనక్కి తెచ్చింది. యుద్ధం ముగిశాక మళ్ళీ వీసాలు, మళ్ళీ ప్రయాణాలు. అప్పులు తీరాలి, పెంకుటిల్లు స్లాబు వేయాలి, ఆడపిల్ల పెళ్ళి చేయాలి. ఎవరిని తప్పుపడతాం?

ఇక్కడ ఒక లెక్క ఉంది. పదో తరగతి పాస్ కాని స్త్రీ గల్ఫ్ దేశాలకు ఇంటిపనికి వెళ్ళాలంటే 30 ఏళ్ళు నిండి ఉండాలన్నది మన దేశ నిబంధన. చిన్నవయసు అమ్మాయిలు మోసపోకూడదని పెట్టిన మంచి నిబంధనే అది. అయితే మన పేటల్లో పద్దెనిమిదికో, ఇరవైకో పెళ్ళయిన అమ్మాయికి 30 నిండేసరికి ఇంట్లో పదేళ్ళ పిల్లో, పన్నెండేళ్ళ పిల్లో ఉంటుంది. అంటే, ఆమె విమానం ఎక్కే రోజుకి ఆమె వదిలి వెళ్ళే పొయ్యి దగ్గర నిలబడడానికి సరిపోయే ఎత్తు ఆ ఆడపిల్లకు వచ్చేసి ఉంటుందన్నమాట!

2006లో నేను సేవ చేస్తున్న ఊళ్ళో జరిగింది ఇది. ఒక తల్లికి కువైట్ వీసా వచ్చింది. చర్చిలో సాగనంపే ప్రార్థన పెట్టుకున్నాం. ఆమె ఏడ్చింది, మేమూ ఏడ్చాం. భర్త కొబ్బరి దింపు పనికి వెళ్ళేవాడు. పెద్దబ్బాయి ఇంటర్ మొదటి సంవత్సరం. అమ్మాయి ఎనిమిదో తరగతి, పదమూడేళ్ళు. ఆఖరివాడికి ఐదేళ్ళు. తల్లి వెళ్ళే ముందు అమ్మాయికి పప్పు, చారు, రెండు రకాల వేపుళ్ళు గబగబా నేర్పింది. అబ్బాయికి ఏమీ నేర్పలేదు. నేర్పమని ఎవరూ అనలేదు, నేను కూడా అనలేదు. ఆ ఆలోచనే రాలేదు.

ఆ అమ్మాయి తెల్లవారుజామున నాలుగింటికి లేచేది. నాన్నకు క్యారేజీ, అన్నయ్యకు క్యారేజీ, తమ్ముడికి స్నానం, గిన్నెలు, బట్టలు. బడికి వారానికి మూడు రోజులు వెళ్ళేది, తర్వాత రెండు రోజులు. ఆదివారం మాత్రం తమ్ముణ్ణి చంకనేసుకుని ఆరాధనకు సమయానికే వచ్చేది. అన్నయ్య యూత్‌లో డోలక్ వాయించేవాడు, చక్కగా వాయించేవాడు కూడా. ఆ ఏడాది క్రిస్మస్ కార్యక్రమంలో నేను ఆ అమ్మాయిని ముందుకు పిలిచాను. తల్లి లేని లోటు తెలియనివ్వకుండా ఇంటిని నడుపుతోందని, ఇలాంటి ఆడపిల్ల ప్రతి ఇంట్లో ఉండాలని చెప్పి, సంఘమంతటి చేత చప్పట్లు కొట్టించాను. ఆమెకు ఒక చీరో, పుస్తకమో కాదు, స్టీలు గిన్నెల సెట్టు బహుమతిగా ఇప్పించాను. అవును, గిన్నెలే.

చాలా ఏళ్ళ తర్వాత కొత్తపేట దగ్గర ఒక పెళ్ళిలో ఆమె కనిపించింది. చేతిలో ఒక బిడ్డ. పలకరించి పక్కన కూర్చుంది.

"అయ్యగారూ, ఆ క్రిస్మస్‌కి మీరు నాకు చప్పట్లు కొట్టించారు, గుర్తుందాండీ?"

"గుర్తుందమ్మా" అన్నాను సంతోషంగా.

"ఆ తర్వాత నుంచి మా నాన్న నన్ను బడికెళ్ళమనడం మానేశాడండీ. సాక్షాత్తూ అయ్యగారే మెచ్చుకున్నారు కదా, ఇంకేం కావాలి అనేవాడండీ."

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది. ఏదో గుర్తొచ్చి చెప్పినట్టు చెప్పి, బిడ్డకు పాలు పట్టడానికి లేచి వెళ్ళిపోయింది. నేను ఆ పెళ్ళిలో భోజనం చేయకుండానే వచ్చేశాను.

ఇంటిపని వాళ్ళ కోసం కువైట్ 2015లో ఒక చట్టం చేసింది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదని, వారానికి ఒక రోజు సెలవివ్వాలని అందులో రాశారు. ఎంతవరకు అమలవుతోందో అక్కడ ఉన్న మన అక్కచెల్లెళ్ళకే తెలియాలి. కనీసం కాగితం మీదైనా ఉంది. అక్కడి తల్లికి రాసిపెట్టిన ఆ ఒక్కరోజు సెలవు ఇక్కడి కూతురికి ఎవరు రాశారు? మనం రాయలేదు, పైగా మెచ్చుకున్నాం. ఆడపిల్ల బాధ్యత మోస్తుంటే అది సాక్ష్యం, మగపిల్లాడు కంచం ముందు కూర్చుని ఎదురుచూస్తుంటే అది మామూలే!

బైబిల్లో ఇందుకు ఆధారం ఉందని కొందరంటారు. ఏ బైబిలో నాకు తెలియదు. యాకోబు కలగూర వంటకం వండుకుంటుంటేనే కదా, వేట నుంచి అలిసి వచ్చిన ఏశావు దాని కోసం జ్యేష్ఠత్వం అమ్ముకున్నది! ఆ అన్నయ్య ఒక్క గిన్నె కూరకు ఎంత పోగొట్టుకున్నాడో చూడండి. తన ఇంటికి వచ్చిన అతిథులకు లోతు స్వయంగా పొంగని రొట్టెలు కాల్చి పెట్టాడు. గిద్యోను మేకపిల్లను వండి, మాంసం గంపలోను, రసం కుండలోను పట్టుకుని దేవదూత దగ్గరకు తెచ్చాడు. ఇక మార్తను మందలించే ప్రసంగాలు మనం వందల కొద్దీ విన్నాం. వాళ్ళ సహోదరుడు లాజరు ఏం చేస్తున్నాడని ఒక్కరూ అడగరు. యోహాను సువార్త 12వ అధ్యాయంలో మార్త వడ్డిస్తోంది, లాజరు పంక్తిలో కూర్చుని ఉన్నాడు. పాపం, నాలుగు రోజులు సమాధిలో ఉండి వచ్చినవాడు, అతన్ని వదిలేద్దాం. మన ఇళ్ళలో కూర్చున్న లాజరులకు ఆ సాకు కూడా లేదు కదా!

అన్నిటికన్నా నన్ను కుదిపేసేది యోహాను సువార్త 21వ అధ్యాయం. తిబెరియ సముద్రం మీద శిష్యులు రాత్రంతా వల వేశారు, ఒక్క చేప పడలేదు. తెల్లవారేసరికి ఒడ్డున ప్రభువు నిలబడి ఉన్నాడు. ఆయన చెప్పిన వైపు వల వేస్తే 153 చేపలు పడ్డాయి. అందరూ ఆ లెక్క గురించే మాట్లాడతారు. నేను మాత్రం వాళ్ళు ఒడ్డుకు చేరాక చూసినదాని దగ్గరే ఆగిపోతాను. అక్కడ నిప్పులు అప్పటికే రాజుకుని ఉన్నాయి. నిప్పుల మీద చేప ఉంది, రొట్టె ఉంది. వాళ్ళు పట్టుకొచ్చే చేపల కోసం ఆయన ఆగలేదు. మరణాన్ని జయించి లేచినవాడు, లోకానికి రాజు, పొద్దున్నే ఒడ్డున కూర్చుని కుర్రాళ్ళకు టిఫిన్ సిద్ధం చేశాడు! మన గోదావరి ఒడ్డున ఉన్నవాళ్ళకు ఆ దృశ్యం ఒకరు విడమరచి చెప్పనక్కర్లేదు. తడి బట్టలతో పడవ దిగినవాడికి ఆ పొగ వాసన ఎలా ఉంటుందో మనకు తెలుసు.

ఇంకొక సంగతి గమనించండి. ప్రధాన యాజకుని ఇంటి ముంగిట చలి కాచుకునే నిప్పుల దగ్గరే కదా పేతురు ఆయన ఎవరో తెలియదన్నాడు. ఆ పేతురుకు ప్రభువు ఇప్పుడు నిప్పుల దగ్గరే భోజనం పెట్టాడు. అతన్ని అడగవలసిన ప్రశ్న ఆయన దగ్గర ఉంది. అది అడిగింది అందరూ తిన్న తర్వాతే. ముందు అన్నం, తర్వాత మాట. మా అమ్మకు గ్రీకు రాదు, తెలుగు కూడా కూడబలుక్కుని చదివేది. కానీ ఈ క్రమం ఆమెకు తెలుసు.

నిజానికి మన మగవాళ్ళకు వంట రాదనడం కూడా పూర్తి నిజం కాదు. నలభీమపాకమని మన భాషే ఇద్దరు మగవాళ్ళ పేర్లు పెట్టుకుంది. చర్చిలో ప్రేమ విందు జరిగితే పెద్ద పెద్ద డేగిసాలు ఎక్కించి దించేది మగవాళ్ళే. దుబాయ్‌లో, మస్కట్‌లో ఒక్కో గదిలో ఎనిమిదేసి మంది ఉంటూ వంతుల వారీగా వండుకునే మన కుర్రాళ్ళు ఎంతమంది! రొయ్యల ఇగురు వాళ్ళు చేసినట్టు ఇంట్లో వాళ్ళ భార్యలు కూడా చేయలేరని వాళ్ళే చెబుతుంటారు. అదే మనిషి సెలవు మీద ఊరొచ్చాడంటే మంచం మీద నుంచే మంచినీళ్ళకు కేక వేస్తాడు. చెయ్యి అదే. మారింది గడప మాత్రమే.

2017 వేసవిలో ఇంకో తల్లి నా దగ్గరకు వచ్చింది. కువైట్ వీసా వచ్చిందట, నలభై రోజుల్లో ప్రయాణమట. ప్రార్థన చేయమంది.

"చేస్తానమ్మా. వంట ఎవరు చేస్తారు?" అని అడిగాను.

"పెద్దపిల్లుంది కదండీ అయ్యగారూ. ఏడో తరగతి. అన్నీ చేసేస్తదండీ."

"అబ్బాయి?"

"ఆడు మగపిల్లాడు కదండీ, పదో తరగతి పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నాడండీ" అంది. ఖాళీగా ఉన్నాడన్న మాట తన నోటే వచ్చాక ఆమెకే నవ్వొచ్చింది. కొత్తపేట పెళ్ళిలో కలిసిన అమ్మాయి కథ ఆమెకు చెప్పాను. పేరు చెప్పలేదు, నా తప్పు మాత్రం దాచలేదు. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. "అయితే ఆడికి నేర్పిస్తానండీ, ఆళ్ళ నాన్నక్కూడా" అని లేచింది.

ఆ నలభై రోజులూ ఆ ఇంట్లో ఏం జరిగిందో పేటంతా చెప్పుకున్నారు. గ్యాస్ సిలిండరు రెగ్యులేటరు కట్టడం, విప్పడం దగ్గర మొదలైంది. చారుకు నిమ్మకాయంత చింతపండు అంటే, ఏ నిమ్మకాయంత అని తండ్రి అడిగాడట. పోపు మాడిస్తే ఇల్లంతా దగ్గులు. కంద తరిగి ఇద్దరికీ చేతులు దురదలు పెడితే చింతపండు రసం రాసుకుంటూ అరుగు మీద కూర్చున్నారు. బియ్యం నెలకెన్ని పడతాయో, కందిపప్పు డబ్బా ఎప్పటికి అడుగంటుతుందో, పాలవాడికి ఎంత బాకీయో ఆమె కొడుకు చేత ఒక నోటుపుస్తకంలో రాయించింది. నేను అనుకున్న దానికన్నా అది పెద్ద పాఠం. వంటంటే పొయ్యి మీద జరిగేది కాస్తే. మిగతాదంతా గుర్తుంచుకోవడం. మన ఆడవాళ్ళు తల నిండా మోసే ఆ లెక్కలు మగవాళ్ళ కళ్ళకు ఎప్పుడూ కనబడవు. ముగ్గురూ వంతులు వేసుకున్నారు. చెల్లికి ఆదివారం ఒక్కపూట, బడి ఉన్న రోజుల్లో ఏమీ లేదు.

ఆమె వెళ్ళాక మొదటి నెలలు కష్టంగానే గడిచాయి. కువైట్‌కూ మనకూ రెండున్నర గంటల తేడా. ఇక్కడ పొద్దున్న ఎనిమిదింటికి కొడుకు ఫోన్ చేస్తే అక్కడ ఐదున్నర. అప్పటికే ఆమె పనిలో ఉండేది. వాట్సాప్‌లో కూర ఫొటో పంపేవాడు, ఆమె రంగు చూసి చెప్పేది. అక్కడ సెలవు శుక్రవారం, మన తెలుగు సంఘాల ఆరాధన కూడా ఆ రోజే. ఆరాధన అయ్యాక ఆమె ఫోన్లో మాట్లాడుతుంటే, పక్కనున్న ఆడవాళ్ళంతా ఆ కుర్రాడి కూర చూడడానికి మూగేవారట. తర్వాత వాళ్ళలో కొందరు తమ ఇళ్ళకు ఫోన్ చేసి, ఒరేయ్ నువ్వు కూడా నేర్చుకో అని కొడుకుల్ని పోరడం మొదలుపెట్టారని ఆమె నవ్వుతూ చెప్పింది.

2019లో ఆమె సెలవు మీద వచ్చింది. కొడుకు అప్పటికి ఇంటర్ పూర్తి చేశాడు. మర్నాడు హైదరాబాదు ప్రయాణం, డిగ్రీ చదువుకు. ప్రార్థన కోసం నన్ను భోజనానికి పిలిచారు. నేను వెళ్ళేసరికి ఆ తల్లి వంటింటి గుమ్మం దగ్గర పీట మీద కూర్చుని ఉంది. కూర్చోవడం చేతగాని మనిషిలా అటూ ఇటూ కదులుతోంది. రెండేళ్ళుగా పరాయి ఇంట్లో ఎవరికో వండి పెట్టిన మనిషి. చెయ్యి దానంతటదే గరిటె వైపు వెళుతోంది. పులుసు మరుగుతోంది. కొడుకు దాకను రెండు అంచులూ గుడ్డతో పట్టుకుని మెల్లగా తిప్పాడు.

"అమ్మా, నువ్వు లేవొద్దు. కూర్చో" అన్నాడు.

తండ్రి ఆకులు వేశాడు. ముందు ఆమెకే వడ్డించారు. ఆమె ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకుని కాసేపు ఊరుకుంది.

"చింతపండు కాస్త ఎక్కువేసేవురా" అంది.

"కువైట్ ఎల్లొచ్చి నీ నాలుకే మారిపోయిందే అమ్మా" అన్నాడు వాడు.

ఆమె నవ్వి, ఇంకాస్త అన్నం పెట్టమని ఆకు ముందుకు జరిపింది. లోపలి గదిలో లెక్కలు చేసుకుంటున్న చెల్లెలు, "అన్నయ్యా, తల ముక్క నాకుంచు" అని కేకేసింది.